అండమాన్‌లోని మనవాళ్ల పెరటి కోళ్లకు బర్డ్ ఫ్లూ జాగ్రత్తలు: కరపత్రంలో ఏమి రాయాలి?

వాల్తేరు_వాసి | విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మా తాతగారి తమ్ముడి కుటుంబం ఏనాడో అండమాన్ వెళ్లి స్థిరపడింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు శ్రీ విజయపురంలో, అంటే మొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. చేపల వేటకు వెళ్తూనో, చిన్న ఉద్యోగం చేసుకుంటూనో, ఇంటి వెనక కాసిని కోళ్లు పెంచుకుంటారు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు మా చిన్నమ్మ ఫోన్ చేసి ఒకే మాట అడిగింది: "మధ్యలో ఇంత సముద్రం ఉంది కదమ్మా, మా దాకా రాదు కదా?"

అక్కడి తెలుగు కుటుంబాలకు పంచేందుకు ఒక్క పేజీ కరపత్రం వేయించి, విశాఖ నుంచి వెళ్లే ఓడలో పంపాలని మేము కొందరం అనుకున్నాం. జబ్బు వచ్చాక చేసేవి కాదు, రాకముందే చేసుకోవాల్సినవి కావాలి. పెద్ద ఫారాల సంగతి వద్దు. కోడి గంప, నాలుగు చేటల నూకలు తప్ప ఇంకేమీ లేని మనిషికి పనికొచ్చేవి చెప్పండి.

కొండకర్ల_పక్షులు | అచ్యుతాపురం

వాల్తేరు వాసి గారూ, సముద్రం అడ్డు నిలుస్తుందన్న ధీమాను మొదటి వాక్యంలోనే తీసేయండి. అట్లాంటిక్ దక్షిణ కొసన ఉన్న దక్షిణ జార్జియా దీవికి 2023 అక్టోబరులో ఈ వైరస్ చేరింది. అక్కడ కోళ్ల ఫారాలు లేవు, సంతలు లేవు, స్థిరంగా కాపురం ఉండే మనుషులే లేరు. సముద్రపు పక్షులే మోసుకొచ్చాయి. మరుసటి సంవత్సరం ఫిబ్రవరికి అంటార్కిటికా ప్రధాన భూభాగంలోనూ బయటపడింది. దీవి అన్నది మనుషుల రాకపోకలకు మాత్రమే దూరం.

అలాగని వలస పక్షులను తరిమేయమని మాత్రం దయచేసి రాయవద్దు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటే ఊరికి మేలని అక్కడివాళ్లు ఎన్నో తరాలుగా నమ్ముతున్నారు. రాళ్లు రువ్వితే జబ్బుపడ్డ పక్షి కూడా లేచి ఇంకో చెరువు మీద వాలుతుంది. మనం చేయగలిగింది ఒక్కటే, వాటి నీళ్లూ మన కోళ్ల నీళ్లూ కలవకుండా చూసుకోవడం. చలికాలంలో మా కొండకర్ల ఆవ సరస్సు గట్టున నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. తామరాకుల పక్కన అడవి బాతులు మేస్తుంటే, అదే బురదలో నాలుగు బారల దూరాన ఎవరివో ఇంటి బాతులు ముక్కులు పెట్టి గాలిస్తూ ఉంటాయి. సాయంత్రానికి అవి ఇంటికి పోయి కోళ్ల పక్కనే పడుకుంటాయి. వైరస్‌కు ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది?

పశువుల_డాక్టరు | మధురవాడ (పదవీ విరమణ)

మంచి పని తలపెట్టారు. ముందు జబ్బు సంగతి నాలుగు మాటల్లో చెబుతాను.

మన దేశంలో ఇది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో తేలింది. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బలలో, ఆ తరువాత మీరు చెప్పిన గోదావరి జిల్లాల్లో వచ్చింది. వైరస్ ప్రధానంగా రెట్టలోనూ, ముక్కు నోటి స్రావాల్లోనూ ఉంటుంది. 37 డిగ్రీల వేడిలో రెట్టలో ఆరు రోజుల వరకు, 4 డిగ్రీల చలిలో నెలకు పైగా బతికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎర్రటి ఎండకు త్వరగా చస్తుంది, తడి నీడలో నిలిచి ఉంటుంది. సబ్బుకు, బ్లీచింగ్ పౌడర్‌కు లొంగిపోతుంది. కూర బాగా ఉడికి లోపలి దాకా 70 డిగ్రీలు దాటితే మిగలదు.

పెరటి కోళ్లవాళ్లను దెబ్బతీసేది అసలు వేరే ఉంది. నాటుకోళ్లు ఒక్కసారిగా పోతే అందరూ "కొక్కెర తెగులు" (రాణిఖేత్ జబ్బు) అనే అనుకుంటారు. రెండింటిలోనూ కోడి ముడుచుకుని కూర్చుంటుంది, గురక తీస్తుంది, పచ్చగా పారుతుంది. కొక్కెరలో మెడ మెలితిరగడం, కాళ్లు రెక్కలు చచ్చుబడడం ఎక్కువగా కనిపిస్తాయి. బర్డ్ ఫ్లూలో ముఖం ఉబ్బి, తురాయి, తమ్మెలు నల్లబడిన నీలిరంగుకు తిరుగుతాయి. కాళ్ల పొలుసుల కింద రక్తం చిమ్మినట్టు ఎర్రటి మచ్చలు వస్తాయి. ఒక్కోసారి ఇవేవీ లేకుండానే రాత్రి బాగున్న కోళ్లు తెల్లవారేసరికి గంప కింద చచ్చి ఉంటాయి. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను. నమూనా భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ జంతు వ్యాధుల సంస్థకు వెళ్లాల్సిందే.

అందుకని మొదటి పని కొక్కెర టీకా. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్క, రెండు నెలలప్పుడు రెక్క కింద సూది. ఇది బర్డ్ ఫ్లూను ఆపదు. కానీ టీకా పడిన కోళ్లు మూకుమ్మడిగా చస్తే అది కొక్కెర అయ్యే అవకాశం తక్కువని వెంటనే అర్థమవుతుంది. లేకపోతే వారం రోజులు వెల్లుల్లి, పసుపు నూరి పోస్తూ కూర్చుంటారు. ఆ వారంలో జబ్బు ఊరంతా తిరుగుతుంది.

పెరటిపుంజు | భీమిలి

డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అనుమానం రాగానే కబురు చేయమంటారు. చేస్తే ఏమవుతుందో మాకు తెలియదా? జబ్బు ఖాయమైతే చుట్టూ కిలోమీటరు లోపు ఉన్న కోళ్లన్నీ చంపి పూడ్చేస్తారు. నావే కాదు, నా పక్కింటి ముసలావిడ పొదిగించుకుంటున్న పెట్టను కూడా. రేపటి నుంచి ఆవిడ ముఖం ఎలా చూడాలి? అందుకే ఊళ్లలో కోళ్లు చస్తే చీకటి పడ్డాక గెడ్డలో పడేస్తారు, లేకపోతే మిగిలినవి కోసుకు తినేస్తారు, అమ్మేస్తారు. అది తప్పే. కానీ ఆ భయం సంగతి ఎత్తకుండా మీరు ఎన్ని కరపత్రాలు వేసినా పొట్లాలు కట్టుకోవడానికే పనికొస్తాయి.

ఆనందపురం_ఫారం | విశాఖ జిల్లా

పుంజు గారి మాటలో నిజముంది. దానికి జవాబు కూడా ఉంది, అది కరపత్రంలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పడాలి.

ప్రభుత్వం పరిహారం ఇచ్చేది చంపించిన కోళ్లకే. అప్పటికే చచ్చిపోయినవాటికి ఇవ్వరు. ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు కూడా లెక్క కడతారు. ఆ ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. అంటే మొదటి రెండు మూడు కోళ్లు పోగానే చెప్పినవాడికి మిగిలిన మంద మీద డబ్బు వస్తుంది. దాచిపెట్టి వారం ఆగినవాడికి కోళ్లూ ఉండవు, డబ్బూ రాదు. ఈ లెక్క చెప్పకుండా బాధ్యత అనీ సమాజహితం అనీ ఎంత రాసినా ఎవరికీ ఎక్కదు.

ఇంకొకటి. పరిహారం లెక్క కట్టాలంటే కోళ్లు ఎన్ని ఉన్నాయో రుజువు ఉండాలి. ఫారాలకు రిజిస్టర్లు ఉంటాయి. పెరట్లో తిరిగే కోళ్లకు ఏముంది? ఇప్పుడే, ఏ జబ్బూ లేనప్పుడే, పుంజులెన్ని, పెట్టలెన్ని, పిల్లలెన్ని, బాతులెన్ని అని ఒక పుస్తకంలో రాసి పశువైద్యశాలలో చూపించి పెట్టుకోవాలి. ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా పేరు నమోదు చేసుకోవాలని చట్టమే తెచ్చారు. మన దగ్గర అంత చట్టం అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు.

ఇక మా వైపు తప్పులు కూడా చెప్పాలి. వైరస్ ఫారం దాటేది ఎక్కువగా మనుషుల వల్ల, సామాను వల్ల. కోళ్ల పంజరాలు ఎక్కించుకుని ఊరూరా తిరిగే బండిని దగ్గరగా చూడండి. ఇనుప చువ్వల మీద రెట్ట అట్టలు కట్టి ఉంటుంది, దాని మీద మళ్లీ తడి రెట్ట. ఒక ఊళ్లో పాత కోళ్లు కొని అదే పంజరంతో ఇంకో ఊళ్లో ఆగుతారు. కొనేవాడు తూకం వేయడానికి నేరుగా మీ కోళ్ల మధ్యకే నడిచి వస్తాడు, అవే చెప్పులతో. అట్టపెట్టె గుడ్ల ట్రేలూ అంతే. పది చోట్ల తిరిగి వచ్చినదాన్ని కడగలేము, కాల్చేయడమే. బేరం ఎక్కడైనా వీధి గుమ్మం బయటే జరగాలి. కోడిని మనమే పట్టి తెచ్చి ఇవ్వాలి.

పెరటిపుంజు | భీమిలి

పరిహారం సంగతి ఇలా ఎవరూ విడమరిచి చెప్పలేదు. పశువుల ఆసుపత్రి గోడ మీద రంగుల బొమ్మతో ఒక కాగితం అంటించి ఉండేది, అందులో "అప్రమత్తంగా ఉండండి" అన్నది తప్ప ఇంకేమీ లేదు. చచ్చినవాటికి రాదు, చంపినవాటికి వస్తుంది అన్న ఒక్క వాక్యం ఉంటే చాలామంది నోరు విప్పుతారు.

అయినా పక్కింటావిడ పెట్ట సంగతి అలాగే ఉంది. డబ్బు ఇచ్చినా అదే పెట్ట తిరిగి రాదు కదా.

జంగ్లీఘాట్_చిన్నమ్మ | శ్రీ విజయపురం

మా అమ్మాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. అందరూ శ్రద్ధగా రాస్తున్నందుకు సంతోషంగా ఉంది. మా దగ్గరి పరిస్థితి కూడా కొంచెం చెబుతాను, అది తెలియకుండా రాస్తే కరపత్రం కుదరదు.

ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా వాన. డాక్టరు గారు తడి నీడలో వైరస్ నిలిచి ఉంటుందన్నారు, మా పెరళ్లన్నీ తడి నీడలే. కోళ్లు కొబ్బరి చెట్ల కింద, పోక చెట్ల కింద రోజంతా తిరిగి పురుగూ పుట్రా ఏరుకు తింటాయి. మూసి పెడితే దాణా ఎవరు కొంటారు? ఇక్కడికి దాణా ఓడలోనే రావాలి, విశాఖలో దొరికే ధరకు దొరకదు. కోళ్లను లోపల పెట్టండి అని ఒక్క మాటలో రాసేస్తే మా వాళ్లు చదివి మడిచి పెట్టేస్తారు.

ఇంకా, ఇక్కడ నికోబారీ కోడి ఉంది. పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు, ఈ దీవుల సొంత జాతి. నాటుకోడి అయినా బాగా గుడ్లు పెడుతుంది. మీ వైపు ఒక మంద పోతే ఇంకో జిల్లా నుంచి తెచ్చుకుంటారు. ఇది ఇక్కడ పోతే ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు దాని గురించే.

పశువుల_డాక్టరు | మధురవాడ

అమ్మా, మీరు చెప్పినవే అసలైన విషయాలు. నికోబారీ కోడిని అక్కడి కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థవారు సాకుతూ వస్తున్నారు. అయినా మొత్తం జాతిని ఒకే చోట ఉంచితే ప్రమాదమే. వేర్వేరు దీవుల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న మందలుగా ఉండడమే దానికి రక్ష. మీ కుటుంబాల్లో ఆ జాతి ఉన్నవాళ్లు దాన్ని సంకరం కాకుండా, బయటి కోడి కలవకుండా ఉంచుకుంటే అది కూడా ఆ జాతికి చేసే మేలే.

లోపల పెట్టడం గురించి. రోజూ మూయనక్కరలేదు. హెచ్చరిక వచ్చిన వారాల్లో మాత్రమే మూయాలి. కానీ మూసేందుకు చోటు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. రేకులతోనో తాటాకుతోనో కప్పు, చుట్టూ పాత చేపల వల. మీ ఇళ్లలో వలలకు కొదవ ఉండదు. కప్పు తప్పనిసరి, ఎందుకంటే పైన ఎగిరే పక్షి రెట్ట లోపల పడకూడదు. మామూలు రోజుల్లో బయట తిరగనివ్వండి, కానీ మేత, నీళ్లు మాత్రం ఆ కప్పు కిందే పెట్టండి. బయట నూకలు చల్లితే కాకులు, పిచ్చుకలు వచ్చి కలిసి తింటాయి. లోపలే తినే అలవాటు పడిన కోళ్లను మూయాల్సిన రోజున పట్టుకోవడానికి పెరడంతా పరిగెత్తనక్కరలేదు, మేత వేస్తే వాటంతట అవే వస్తాయి.

పందుల మాట కూడా రాయాలి. నికోబార్ వైపు పందులూ కోళ్లూ ఒకే చోట పెరుగుతాయి. పందికి కోళ్ల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ సోకవచ్చు, రెండూ ఒకే ఒంట్లో కలిస్తే కొత్త రకం పుట్టే వీలుంది. చచ్చిన కోడిని పందికి వేయకూడదు. పిల్లికీ కుక్కకీ కూడా వేయకూడదు. 2024 చివర్లో నాగపూర్ గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఈ వైరస్‌తోనే చనిపోయాయి. పులికే వచ్చినప్పుడు ఇంటి పిల్లికి రాదా?

కొండకర్ల_పక్షులు | అచ్యుతాపురం

కాకులను చేర్చండి. 2020-21 చలికాలంలో రాజస్థాన్‌లో ముందుగా రాలిపడింది కాకులే. ఒకే చోట నాలుగైదు కాకులో కొంగలో చచ్చి కనిపిస్తే అది కోళ్లకు రాబోయే ముప్పుకు ముందస్తు కబురు. ముట్టుకోకుండా చెప్పాలి. కోడి చస్తే చెప్పడానికి భయపడేవాళ్లు కాకి చస్తే చెప్పడానికి భయపడరు, కనీసం అక్కడైనా నోరు తెరుస్తారు.

పెరటిపుంజు | భీమిలి

సంక్రాంతి సంగతి నేనే రాస్తాను, వేరేవాళ్లు రాస్తే మా వాళ్లు వినరు. డేగ, కాకి, నెమలి, ఏ రంగు పుంజైనా పందెం పేరుతో గోదావరి జిల్లాల నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతుంది. పందెం చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, అయినా తిరుగుతుంది. సరిగ్గా వలస పక్షులు దిగి ఉండే నెలల్లోనే ఇదంతా. పుంజు నోట్లోంచి రక్తం, చీము తీసేందుకు నోటితో పీల్చేవాళ్లను నేను కళ్లారా చూశాను. దయచేసి ఆ పని మానమని రాయండి. వేరే చోటికి వెళ్లి వచ్చిన పుంజును మూడు వారాలు విడిగా కట్టాలి, మిగిలిన కోళ్ల పని అంతా అయ్యాక దాన్ని చివరగా చూసుకోవాలి, దాన్ని ముందు చూసి ఆ చేతులతోనే మిగిలిన కోళ్ల దగ్గరకు పోకూడదు. దీవిలో పందేలు ఉన్నా లేకపోయినా, ఓడలో మోజుగా ఒక జత పుంజులు తీసుకెళ్లేవాడు ఒకడు ఉంటాడు. ఆ ఒక్కడే చాలు.

అక్షరం | సీతమ్మధార

ఇప్పటివరకు వచ్చినవి కలిపి ఒక చిత్తుప్రతి రాశాను. బడిలో పిల్లలకు పాఠం చెప్పే అలవాటు వల్ల వాక్యాలు చిన్నవిగా పెట్టాను. దిద్దండి.

"సముద్రం దాటి రాగలదు. పక్షులు తెస్తాయి, మనుషులూ తెస్తారు. ఇప్పుడే కోళ్లను లెక్కపెట్టి రాయండి, పశువైద్యశాలలో చూపించండి. కొక్కెర టీకా వేయించండి. మేత, నీళ్లు కప్పు కిందే పెట్టండి. చెరువు నీళ్లు, వాననీటి గుంటలు వద్దు. బాతులను కోళ్లతో కలిపి పడుకోబెట్టవద్దు, బాతు పైకి బాగానే కనిపిస్తూ జబ్బును మోయగలదు. కోళ్ల దగ్గరకు వెళ్లేందుకు ఒక జత చెప్పులు విడిగా ఉంచండి, అవి ఇంట్లోకి రాకూడదు. కొనేవారిని లోపలికి రానివ్వవద్దు. ముఖ్య భూభాగం నుంచి కోడిని గానీ, కోడిపిల్లలను గానీ అడగకుండా తేవద్దు. తెచ్చినా మూడు వారాలు విడిగా ఉంచండి. రెండు మూడు కోళ్లు ఒకేసారి చస్తే కోయవద్దు, అమ్మవద్దు, నీళ్లలో పడేయవద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, చచ్చినవాటి మీద బుట్ట బోర్లించి, పిల్లలను దూరంగా ఉంచి కబురు చేయండి. ముందు చెప్పినవారికి మిగిలిన కోళ్ల మీద పరిహారం ఉంటుంది. చచ్చినవాటికి ఉండదు."

ఆనందపురం_ఫారం | విశాఖ జిల్లా

బాగుంది మాస్టారూ. పరిహారం వాక్యాలు రెండూ చివర్లో కాదు, పైన పెట్టండి. అలాగే కోడికూర తినవచ్చని స్పష్టంగా ఉండాలి. ఎక్కడో జబ్బు అనగానే ఇక్కడ చికెన్ అమ్మకాలు పడిపోతాయి, జబ్బు లేని రైతు కూడా మునిగిపోతాడు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు తినడానికి ఏ భయమూ లేదు.

పశువుల_డాక్టరు | మధురవాడ

ఆ వాక్యం తప్పక ఉండాలి. దాని పక్కనే ఇంకొకటి కూడా. 2025లో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి ఈ వైరస్‌తో చనిపోయింది, పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తలు వచ్చాయి. మనుషులకు రావడం చాలా అరుదు, వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. పచ్చి మాంసం కోసేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదు. సగం ఉడికిన గుడ్డు వద్దు. చచ్చిన కోళ్లను తాకినవాళ్లకు పది రోజుల లోపు జ్వరం వచ్చినా, కళ్లు ఎర్రబడినా, ఆసుపత్రిలో కోళ్ల సంగతి వాళ్లే ముందుగా చెప్పాలి. డాక్టరు అడగకపోవచ్చు. మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

పుంజు గారూ, మీ పక్కింటావిడ పెట్ట మాట నేను మరచిపోలేదు. ఉద్యోగంలో ఉండగా అలాంటి పెట్టలను పట్టుకునే పని నా చేతుల మీదుగా కూడా జరిగింది, అది తేలికైన పని కాదు. ఆ కిలోమీటరు లోపల ఎవరిదీ మిగలదు. మీరు చెప్పినందువల్ల రెండో కిలోమీటరులో ఉన్న ముసలమ్మల పెట్టలు మిగులుతాయి. కోళ్లను తీసుకెళ్లే రోజున ఆవిడ ఇంటికి ముందుగా మీరే వెళ్లి చెప్పండి, అధికారి వెళ్లకముందే.

పెరటిపుంజు | భీమిలి

వెళ్తాను డాక్టరు గారూ. ఇక్కడ మా వీధిలో కోళ్ల లెక్క రాసే పుస్తకం కూడా మొదలుపెడతాను. మన వైపైతే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పినా, 1962కు ఫోన్ చేసినా సరిపోతుంది కదా?

పశువుల_డాక్టరు | మధురవాడ

సరిపోతుంది.

జంగ్లీఘాట్_చిన్నమ్మ | శ్రీ విజయపురం

అమ్మాయీ, కరపత్రం కింద ఒక గీత ఖాళీగా వదలండి. మా మా పేటలకు దగ్గరలో ఉన్న పశువైద్యశాల నంబరు మేమే చేత్తో రాసుకుంటాం. ఒక్కో దీవికి ఒక్కో నంబరు, మీరు అచ్చు వేస్తే తప్పుతుంది. వెనకవైపు హిందీలో కూడా వేయిస్తే మా పక్కింటి బెంగాలీ వాళ్లకూ, రాంచీ వాళ్లకూ ఇవ్వవచ్చు. మా కోళ్లూ వాళ్ల కోళ్లూ ఒకే పెరట్లో తిరుగుతాయి, మాకు మాత్రమే తెలిసి లాభం లేదు. పిల్లలున్న ఇళ్లలో మా అమ్మాయి చదివి వినిపిస్తుంది.

వాల్తేరు_వాసి | విశాఖపట్నం

అలాగే చిన్నమ్మా. ఖాళీ గీత ఉంచుతాం, వెనకవైపు హిందీ వేయిస్తాం. అక్షరం గారూ, పరిహారం వాక్యాలను పైకి తెచ్చి, ఉడికించిన కూర మాట, పచ్చి మాంసం మాట, పందుల మాట, కాకుల మాట కలిపి మళ్లీ ఒకసారి ఇక్కడ పెట్టండి. పుంజు గారూ, విడిగా కట్టడం గురించి మీరు రాసిన వాక్యాలను మీ మాటల్లోనే వాడుకుంటాం. వానకు తడిసినా చిరగని కాగితం మీద వేస్తారేమో పూర్ణా మార్కెట్ దగ్గరి ప్రెస్సులో రేపు అడుగుతాను. ధర తెలియగానే ఇక్కడ రాస్తాను.